చీకట్లో వచ్చిన చుట్టం

పిల్లలూ! సూర్యుడు సముద్రంలోంచి పైకి రావటం మీరెప్పుడైనా చూశారా? చూడాలంటే విశాఖపట్నం రండి. మా తీరం తూర్పు ముఖంగా ఉంది గనక రోజూ పొద్దున్నే ఆ వేడుక ఉచితం. కాకపోతే కాస్త నిద్ర మానుకోవాలి.

కిందటి ఫిబ్రవరిలో మా అక్కయ్యా బావా పిల్లల్ని తీసుకుని విజయనగరం నుంచి మా ఇంటికి వచ్చారు. "మామయ్యా, సూర్యోదయం చూపించవూ?" అని మా మేనల్లుడు పట్టుబట్టాడు. వాడికి పదేళ్ళు, వాడి చెల్లెలికి ఏడు. ఆ ఉత్సాహంలో వాడు మూడింటికే అందరినీ లేపేశాడు. ఇంకేం చేస్తాం? ఫ్లాస్కులో కాఫీ, డబ్బాలో చేగోడీలు, చంకలో పాత దుప్పటి పెట్టుకుని చీకటితోనే జోడుగుళ్ళపాలెం దగ్గర ఇసకలోకి దిగాం. రేవులోకి వెళ్ళటానికి వంతు కోసం లంగరు వేసుకున్న ఓడల దీపాలు దూరాన మినుకు మినుకుమంటున్నాయి. మేనల్లుడు వాళ్ళ నాన్న సెల్‌ఫోను దీపం వేసుకుని పీతల్ని తరుముతున్నాడు.

ఉన్నట్టుండి వాడు కేకపెట్టాడు. "మామయ్యా, ఈ రాయి నడుస్తోంది!"

పరుగెత్తి చూశాం. అది రాయి కాదు, నీటి అంచునుంచి పదిగజాలు పైకి వచ్చిన పెద్ద తాబేలు. వీపుచిప్ప రెండడుగుల పొడవుంటుంది. కాళ్ళకు బదులు తెడ్లున్నాయి. ఆ తెడ్లతో ఇసకను వెనక్కు తోసుకుంటూ, నాలుగడుగులకోసారి ఆగి ఆయాసం తీర్చుకుంటున్నది. కళ్ళవెంట జిగురులాటి నీరు కారుతున్నది.

"ఏడుస్తోంది మామయ్యా!" అంది చిన్నది.

మేనల్లుడు దీపం సరిగా దాని మొహం మీద వేశాడు. బావ "ఫోటో తియ్యరా," అన్నాడు. నేను వద్దనలేదు. ఇలాటి సంగతులు నెలనెలా మీకు చెప్పే మామయ్యను, నాకైనా తెలియవద్దూ?

తాబేలు ఆగింది. బుస్సుమని ఊపిరి వదిలింది. మెల్లిగా వెనక్కు తిరిగి, వచ్చినదారినే సముద్రంలోకి పోయింది.

తెప్పల దగ్గర పడుకున్న ఒక ముసలి జాలరి ఈ సందడికి లేచి వచ్చాడు. "ఏటి బాబూ ఆ పని? ముందు లైటు ఆర్పీయండి. గుడ్లెట్టడానికొచ్చిన తల్లిని తోలేసినారు కదా!" అన్నాడు.

మేనల్లుడి మొహం ఇంత చిన్నదైపోయింది. "ఇప్పుడు దాని గుడ్లేమవుతాయి, తాతా?" అని అడిగాడు.

"కడుపులో ఎట్టుకుని ఎక్కడికెళ్తాది? మళ్ళీ వస్తాది. మీరు లేని సోటికి."

తరవాత సూర్యుడు వచ్చాడు. కాని ఎవరమూ అటు చూడలేదు. ఇసకలో ట్రాక్టరు చక్రం నడిచినట్టున్న ఆ జాడనే చూస్తూ కూర్చున్నాం. నీటినుంచి పైకి ఒక చాలు, మళ్ళీ నీటిలోకి ఒక చాలు. మధ్యలో గుంట లేదు.

ఈ తాబేలును ఆలివ్ రిడ్లే అంటారు. వీపు ఆలివ్ కాయ రంగులో ఉంటుంది గనక ఆ పేరు. సుమారు నలభై కిలోలు తూగుతుంది. బావిలో తాబేలులాగా ఇది తలను చిప్పలోకి లాక్కోలేదు. ఆ కన్నీరు ఏడుపూ కాదు. సముద్రంలో తిండితోపాటు ఒంట్లోకి చేరే ఉప్పును కళ్ళదగ్గర ఉండే గ్రంథులు అలా బయటికి పంపేస్తాయి.

పుట్టింది మొదలు నీళ్ళలోనే బతికే ఈ జంతువు, గుడ్లు పెట్టటానికి మాత్రం ఇంత కష్టపడి నేలమీదికి ఎందుకు రావాలి? గుడ్డులో ఉన్న పిల్లకు గాలి కావాలి. ఇసకరేణువుల సందుల్లోంచి, గుడ్డు పెంకులోని సన్నని రంధ్రాల గుండా గాలి లోపలికి పోతుంది. నీళ్ళలో పెడితే పిల్ల ఊపిరాడక చచ్చిపోతుంది. అందుకని తల్లి రాత్రివేళ ఒడ్డుకు వచ్చి, వెనక తెడ్లతో మూరెడు లోతున కూజాలాంటి గుంట తవ్వి, వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసక కప్పి, దానిమీద తన ఒంటితో అటూ ఇటూ ఊగి దిమ్మిస చేసి వెళ్ళిపోతుంది. మళ్ళీ వెనక్కు తిరిగి చూడదు. ఇంకో చిత్రం: ఇసక బాగా వెచ్చగా ఉంటే ఆడపిల్లలూ, చల్లగా ఉంటే మగపిల్లలూ పుడతాయి!

తాను పుట్టిన తీరానికే తాబేలు తిరిగి వస్తుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. అయితే అన్నీ చెప్పినమాట వినవు. 2021లో ఒడిశా తీరంలో ఒక దాని తెడ్డుకు గుర్తుబిళ్ళ తగిలిస్తే, అది 2025లో మహారాష్ట్రలోని గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనిపించింది. అంటే తూర్పు సముద్రం నుంచి పడమటి సముద్రానికి!

రెండో రోజు రాత్రి మేము దీపాలు లేకుండా వెళ్ళాం. దోమలు తప్ప ఏవీ రాలేదు. మూడో రోజు తెల్లవారగట్ల వెళ్ళేసరికి, నాలుగు వందల గజాల అవతల కొత్త జాడ కనిపించింది. ఈసారి మధ్యలో గుంట ఉంది. అది మన చుట్టమో, వేరొకటో ఎవరు చెప్పగలరు? అటవీశాఖ తరఫున కాపలా తిరిగే మనిషి అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని గుడ్లు తీస్తున్నాడు. కుక్కలు తవ్వెయ్యకుండా వాటిని వలకంచె కట్టిన చోట మళ్ళీ పూడుస్తారు. చూడటానికి గుడ్లు పింగ్‌పాంగ్ బంతుల్లా ఉన్నాయి. చిన్నది చెయ్యి చాపితే ఆయన వద్దన్నాడు. పెట్టిన కొద్ది గంటలకే లోపలి పిల్ల పెంకు పొరకు అంటుకుంటుందట. ఆ తరవాత గుడ్డును దొర్లించితే పిల్ల బతకదు.

మేనల్లుడు పక్కన కూర్చుని లెక్కపెట్టాడు. సరిగా నూటపదహారు! "చదివింపులు బాగానే ముట్టాయి," అని మా అక్కయ్య నవ్వింది.

తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. దారిలో ఒక తాబేలు చచ్చిపడి ఉంది. ఒంటిమీద దెబ్బ లేదు. సంగతేమిటంటే, తాబేలుకు ఊపిరితిత్తులున్నాయి, గాలికోసం పైకి రావలసిందే. మరపడవ లాగే పెద్దవలలో చిక్కితే పైకి రాలేదు. వలలో ఏటవాలుగా ఒక ఊచల తడికె అమర్చితే రొయ్యలు సందుల్లోంచి వెనక్కు పోతాయి, తాబేలు తడికెకు తగిలి పైనున్న కిటికీలోంచి తప్పించుకుంటుంది. "మరి అందరూ పెట్టరేం?" అన్నాడు మేనల్లుడు. ఆ కిటికీలోంచి కొంత చేపా రొయ్యా కూడా పోతాయని పడవలవాళ్ళ బెంగ. తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. కాని అది చేపలు పెరగటానికి పెట్టినది. తాబేళ్ళు వచ్చేది దానికి ముందే, జనవరి నుంచి మార్చి దాకా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పులికి ఎంత రక్షణ ఉన్నదో ఈ తాబేలుకూ అంతే ఉన్నది. వలకు ఆ చట్టం తెలియదు గదా!

ఏప్రిల్ మొదటివారంలో కబురు వచ్చింది. పిల్లలు మళ్ళీ విజయనగరం నుంచి పరుగున వచ్చారు. ఇంకా చీకటి విడలేదు. కాపలామనిషి బుట్ట వంచాడు. అగ్గిపెట్టెలో పట్టేటంత నల్లటి పిల్లలు బిలబిలా ఇసకలోకి దిగాయి. వాటికి దారి చెప్పేవాళ్ళు లేరు. ఎటు ఎక్కువ వెలుగుంటే అటు పోవటమే వాటికి తెలుసు. ఒకప్పుడు రాత్రివేళ సముద్రం కన్న వెలుగైనది ఉండేది కాదు. ఇప్పుడు మన వెనక బీచిరోడ్డు దీపాలున్నాయి. అయిదారు పిల్లలు రోడ్డుకేసి తిరిగాయి. ఆయన వాటిని చేత్తో మళ్ళించాడు.

చూడవచ్చిన జనంలో ఎవరో సెల్‌ఫోను దీపం వేశారు. మా మేనల్లుడు గిరుక్కున వెనక్కు తిరిగి, "ఏటి బాబూ ఆ పని? లైటు ఆర్పీయండి!" అన్నాడు, అచ్చం ఆ జాలరి తాతలాగే. దీపం ఆరింది.

చిన్నది ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టింది. నూటపదహారులో తొంభై ఒకటి. మిగిలిన గుడ్లు పొదగలేదు. ఈ తొంభై ఒకటిలోనూ ఎన్ని పెద్దవవుతాయి? వెయ్యింటికి ఒకటి బతుకుతుందని అంచనా. ఆ లెక్క దానికి నేను చెప్పలేదు. ఆఖరి పిల్లను మొదటి అల వెనక్కు నెట్టింది. రెండో అల కూడా నెట్టింది. మూడో అల తీసుకుపోయింది.

సూర్యుడు ఎప్పుడు వచ్చాడో ఈసారీ మేము చూడనేలేదు.