నలుగురూ కలిస్తే నాలుగు మాటలు

వేసవి వచ్చిందంటే చాలు, కాలనీలో నలుగురు ఆడవాళ్ళు కలిసి ఆవకాయో, అప్పడాలో పెట్టి అమ్ముదామనుకోవడం మామూలే. ఉత్సాహంగా మొదలుపెడతారు. తీరా చూస్తే రెండో నెలకే మాటలుండవు! డబ్బు దగ్గర తేడా వచ్చిందా అంటే అదీ కాదు. ఒకావిడ గానుగ నూనె తప్ప వద్దంటుంది. ఇంకొకావిడకి పిల్లల ఫీజులున్నాయి, నాలుగు డబ్బులు మిగలాలంటుంది. మూడో ఆవిడకి పిల్లలు బడినుంచి వచ్చే వేళకి ఇంట్లో ఉండటం ముఖ్యం. ఇందులో తప్పెవరిది చెప్పండి? ఎవరిదీ కాదు.

లిజ్జత్ అప్పడాల సంగతి చూడండి. 1959 మార్చి 15న బొంబాయి గిర్గాంలో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి, డాబా మీద అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. మొదట్లో మంచి రకంతోపాటు చవక రకమూ చేసేవారు. ఛగన్‌లాల్ పారేఖ్ అనే పెద్దాయన సలహాతో చవక రకం మానేసి, ఒకే నాణ్యతకి కట్టుబడ్డారు. మొదటి ఏడాది వానలకి నాలుగు నెలలు పని ఆగింది. మరుసటి ఏడు ఏం చేశారో తెలుసా? ఒక మంచం, ఒక స్టవ్వు కొన్నారు. మంచం మీద అప్పడాలు, కింద స్టవ్వు! ఎండ లేకపోయినా ఆరిపోయాయి.

మరి ఇల్లా, సంపాదనా? దానికీ దారి ఉంది. పిండి కేంద్రంలో కలుపుతారు. సభ్యులు ఇంటికి పట్టుకెళ్ళి, వీలునుబట్టి ఒత్తి, మర్నాడు తెచ్చి ఇస్తారు. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కి 2021లో పద్మశ్రీ వచ్చింది.

మీరూ అలాంటి గ్రూపు పెడుతుంటే, డబ్బు వేసుకోకముందే ఒక పూట కూర్చోండి. "నేను దేన్ని వదులుకోలేను?" అన్నది ఒక్కొక్కరూ చెప్పాలి. మొహమాటం వద్దు. తర్వాత "ఎవరి మాట నెగ్గాలి?" అని కాక, "రెండూ కుదిరే దారేది?" అని ఆలోచించండి. మంచి నూనె ఖరీదెక్కువా? నూనె మార్చకుండా పావుకిలో ప్యాకెట్లు కట్టండి, కొనేవాళ్ళకీ భారం కాదు. సాయంత్రం ఉండలేని ఆవిడకి పొద్దుటి పని, ఇంటి దగ్గర చేసుకునే ప్యాకింగు అప్పగించండి.

అయితే కొన్నిటికి మధ్యే మార్గం ఉండదు. శుభ్రం, తూకం అలాంటివి. అక్కడ మాట కలవకపోతే మొదట్లోనే విడిపోవడం మేలు, స్నేహమైనా మిగులుతుంది. కలిసిందా, లెక్కల పుస్తకం మొదటి పేజీలో అంకెలకన్నా ముందు ఈ మాటలే రాసుకోండి.