‘మా రోజులు’ అంత మంచివేమీ కావు

పదవీ విరమణ చేసిన ముస్లిం ఉద్యోగులు నలుగురు కూడిన చోట ఈ మధ్య రెండే మాటలు వినిపిస్తున్నాయి. మొదటిది, ‘మా రోజుల్లో ఇట్లా లేదు’. రెండవది, ‘ఇప్పుడు మన చేతుల్లో ఏముంది, అంతా అల్లా దయ’. అల్లాహ్ మీద భరోసా ఉంచడం ఈమాన్‌లో భాగమే, సందేహం లేదు. అయితే ముందు ఒంటెను కట్టివేసి ఆ తరువాత భరోసా ఉంచమన్న ప్రవక్త (స) బోధను జుమా ప్రసంగంలో విని, ఇంటికి వచ్చి ఒంటెను విప్పి వదిలేయడాన్ని తవక్కుల్ అనరు.

మేమూ ఆ వయసువాళ్లమే. 1950లలో పుట్టి, 1970లలో బడిపంతుళ్లుగా, గుమాస్తాలుగా, రెవెన్యూ ఉద్యోగులుగా, బ్యాంకు సిబ్బందిగా చేరి, ఇప్పుడు పింఛను మీద జీవిస్తున్న తరం మాది. ఈ తరాన్ని గురించి పెద్దలు చెప్పుకునే కథ ఒకటి, పిల్లలు చెప్పే కథ మరొకటి. పెద్దల కథలో అది సామరస్యపు స్వర్ణయుగం. పిల్లల కథలో అది జీతానికి భయపడి నోరు మూసుకున్న తరం. రెండూ అసత్యాలే. రెండింటి వల్లా నష్టపోతున్నది ఈనాటి హక్కుల పోరాటమే కనుక ఈ నాలుగు మాటలూ రాస్తున్నాము.

ముందు స్వర్ణయుగం సంగతి. మేము పుట్టేనాటికి పాత హైదరాబాద్ సంస్థానంలోని ముస్లిం ఇళ్లలో 1948 సెప్టెంబరు గురించి గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. పోలీసు చర్య సమయంలో, ఆ తరువాతా జరిగిన హత్యాకాండలో 27,000 నుంచి 40,000 మంది ప్రాణాలు కోల్పోయి ఉంటారని పండిట్ సుందర్‌లాల్ బృందం కేంద్ర ప్రభుత్వానికి నివేదించింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు ప్రజలకు చూపలేదు. 1990 డిసెంబరులో హైదరాబాద్ పాతనగరం కత్తిపోట్ల మధ్య, కర్ఫ్యూ మధ్య బిక్కుబిక్కుమంటూ గడిపింది. సరిగ్గా రెండేళ్లకు, 1992 డిసెంబరు 6న, బాబ్రీ మసీదును పట్టపగలు కూల్చివేశారు. ఇవన్నీ ఎవరి రోజులు?

నెత్తురు సంగతి అటుంచి కొలువుల లెక్క చూద్దాము. 2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన సచార్ కమిటీ నివేదిక, జనాభాలో 13.4 శాతమున్న ముస్లింలు ఐఏఎస్‌లో 3 శాతం, ఐఎఫ్ఎస్‌లో 1.8 శాతం, ఐపీఎస్‌లో 4 శాతమే ఉన్నారని తేల్చింది. ఆ అంకెలు 2014 తరువాత పుట్టినవి కావు. మేము సర్వీసులో ఉన్న ముప్పై ఏళ్లలో, మంచివారని పేరున్న ప్రభుత్వాల చేతుల మీదుగానే అవి పోగుపడ్డాయి. రంజాన్‌కు షీర్‌ఖుర్మా పొరుగిళ్లకు వెళ్లిన మాట నిజం. పీర్ల పండుగలో ఊరంతా కలిసి నడిచిన మాట కూడా నిజం. ఆ స్నేహాలను మేము తక్కువ చేయము, వాటితోనే బతికాము. అయితే షీర్‌ఖుర్మా గిన్నె ఎవరి పేరునూ నియామకాల జాబితాలోకి ఎక్కించలేదు.

ఈ కథను ఇంట్లో పదే పదే చెప్పడంలో ఒక ప్రమాదముంది. నిన్నటిదాకా అంతా బాగుండి ఇవాళ చెడిపోయిందంటే ఇది తుఫాను వంటిదని పిల్లలు అనుకుంటారు. తుఫాను దానంతట అదే వెళ్లిపోతుంది కదా, ఫలానా పార్టీ ఓడిపోతే పాత రోజులు తిరిగి వస్తాయి కదా అని ఎదురుచూస్తారు. మన ఓట్ల కోసం వచ్చేవారికి అంతకన్నా కావలసినది లేదు. పాత రోజులను చూపించి ఓట్లు అడిగేవారు, ఆ రోజుల్లోనే తయారైన సచార్ అంకెలకు జవాబు చెప్పనవసరం లేకుండా తప్పించుకుంటున్నారు.

ఇక పిరికితనం కథ. ‘మీరేం చేశారు దాదా?’ అని అడుగుతున్న మనవలకు ఒక్క ఉదాహరణ చాలును. ఈ రోజు తెలుగు రాష్ట్రాలలో ముస్లిం విద్యార్థి ఇంజినీరింగ్, మెడికల్ సీట్లకు చూపుతున్న బీసీ-ఇ ధ్రువపత్రం ఆకాశం నుంచి రాలిపడలేదు. 2004లో ప్రభుత్వం 5 శాతం రిజర్వేషన్ ఉత్తర్వు ఇచ్చింది, హైకోర్టు కొట్టివేసింది. 2005లో చట్టం చేశారు, అదీ నిలవలేదు. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా 14 సామాజిక వర్గాలకు 4 శాతం ఇస్తూ మరో చట్టం వచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానినీ కొట్టివేసింది. మరుసటి నెల, మార్చి 25న, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబెట్టింది. ఇప్పటికీ ఆ ఉత్తర్వు మీదనే అది నడుస్తున్నది.

మూడు చట్టపరమైన ఓటముల తరువాత ఆ 4 శాతం ఎందుకు మిగిలింది? మతం పేరుతో అడిగినప్పుడు నిలవనిది, వెనుకబాటుతనానికి రుజువులతో అడిగినప్పుడు నిలిచింది. అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, ఫకీర్లు, తురక కాశలు, ఎలుగుబంట్లను ఆడించి పొట్టపోసుకునే గుడ్డి ఎలుగువాళ్లు, ధోబీలు, హజాంలు ఎట్లా బతుకుతున్నారో, ఎంతమంది పిల్లలు బడి మానేశారో కాగితం మీదికి ఎక్కించవలసి వచ్చింది. ఆ సమాచారం సేకరించినవారిలో, వినతిపత్రాలు రాసినవారిలో, కేసు ఖర్చులకు చందాలు ఎత్తినవారిలో మా తరం గుమాస్తాలు, పంతుళ్లు ఉన్నారు. వారి పేర్లు ఏ ఫ్లెక్సీ మీదా ఉండవు. సయ్యద్, మొఘల్, పఠాన్ కుటుంబాలను ఆ జాబితా నుంచి మినహాయించినందుకు ‘కౌమ్‌ను చీల్చారు’ అని మా తరంలోనే కొందరు పెద్దమనుషులు గొణిగారు. ఎలుగుబంటి గొలుసు పట్టుకొని ఊరూరా తిరిగిన కుటుంబం, దేవిడీలో పెరిగిన కుటుంబం ఒకే వరుసలో నిలబడి పోటీ పడాలనడం ఐక్యత కాదని అప్పుడూ అన్నాము, ఇప్పుడూ అంటున్నాము.

కాగితం సంగతి ఇంత విస్తారంగా చెప్పడానికి కారణముంది. ఈనాడు మన మీదికి వస్తున్నది ముఖ్యంగా కాగితం రూపంలోనే వస్తున్నది. బుల్డోజర్ కూడా ముందు నోటీసు అనే కాగితాన్ని చూపించే వస్తుంది.

వక్ఫ్ సవరణ చట్టం 2025 ఏప్రిల్ 8న అమలులోకి వచ్చింది. వాడుక ద్వారా ఏర్పడే వక్ఫ్‌ను అది ఇకమీదట గుర్తించదు. పాతవి కూడా అప్పటికే రిజిస్టరై, వివాదం లేనివైతేనే నిలుస్తాయి. ఆస్తుల వివరాలన్నీ ఆరు నెలల్లో ‘ఉమీద్’ పోర్టల్‌లో ఎక్కించాలన్నారు. జూన్ 6న తెరిచిన పోర్టల్ డిసెంబరు 6న మూసుకుంది. పాత లెక్కల ప్రకారం దేశంలో వక్ఫ్ ఆస్తులు 8.72 లక్షలు. ఆరు నెలల్లో ఎన్ని దస్తావేజులు వెతకగలరో రికార్డు గదిలో ఒక్క రోజు పనిచేసిన వారెవరికైనా తెలుసు. సెప్టెంబరు 15 నాటి మధ్యంతర ఉత్తర్వులో సుప్రీంకోర్టు కొన్ని నిబంధనలను నిలిపివేసింది గాని, రిజిస్ట్రేషన్ జోలికి పోలేదు. ఆ బాధ్యత 1923 నాటి చట్టం నుంచీ ఉన్నదేనని గుర్తు చేసింది. గడువు పెంచమని అడిగినవారిని డిసెంబరు 1న ట్రిబ్యునళ్లకు వెళ్లమన్నది.

రిజిస్టర్ చేయించవలసినది ముతవల్లీ అన్న మాట నిజమే. మరి సర్వే చేయించవలసినది ఎవరు? 1954 చట్టం ప్రకారం సర్వే కమిషనర్‌ను నియమించి, నివేదికను బోర్డుకు పంపవలసినది రాష్ట్ర ప్రభుత్వం. ఆ సర్వేలు ఎంత ఆలస్యంగా, ఎంత అరకొరగా జరిగాయో గెజిట్లు తిరగేస్తే చాలు. పని ఎగవేసినవారు తీరిగ్గా ఉన్నారు. దండన మాత్రం ఊరి చివర మసీదుకు, కబరస్తాన్‌కు పడుతున్నది. దీనిని మేము సంస్కరణ అని పిలవలేము.

మణికొండనే తీసుకోండి. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా కింద 1989 గెజిట్‌లో కనిపించేది 5,506 చదరపు గజాలు. 1,654 ఎకరాల 32 గుంటలను చేర్చుతూ సవరణ ప్రకటన వచ్చినది 2006లో. అప్పటికే ఆ భూముల మీద ప్రభుత్వ కేటాయింపులు జరిగిపోయాయి, భవనాలు లేస్తున్నాయి. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ సవరణ ప్రకటన చెల్లదనీ, జాగీర్ల రద్దుతో భూమి ప్రభుత్వానికి సంక్రమించిందనీ తీర్పు చెప్పింది. తీర్పుతో విభేదించే హక్కు ఎవరికైనా ఉంది, మాకూ ఉంది. అయితే మొదటి గెజిట్‌కూ సవరణకూ మధ్య గడిచిన 17 ఏళ్లను ఏ న్యాయవాదీ తన వాదనతో పూడ్చలేడు.

ఆ వాదమంతా 1358 ఫసలీ నాటి జాగీర్ల రద్దు నిబంధన చుట్టూ తిరిగింది. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుందని ఈనాటి ఇంజినీరు కుర్రవాళ్లలో ఎంతమందికి తెలుసు? తెలంగాణ పాత రికార్డులు ఉర్దూలో, కొన్ని ఫార్సీలో, అదీ గొలుసుకట్టు షికస్తా దస్తూరీలో ఉన్నాయి. సేత్వార్, ముంతఖబ్, 1954-55 ఖాస్రా పహాణీ, వీటిని చదివి అర్థం చెప్పగలవారు ఏటేటా తగ్గిపోతున్నారు. ఆంధ్ర వైపు 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు, ఆర్‌ఎస్ఆర్, అడంగళ్లు ఉన్నాయి. ఫెయిర్ రిజిస్టర్‌లో మసీదు సేవ కోసం ఇచ్చిన ఇనామని ఒక్క పంక్తి దొరికితే వ్యాజ్యం స్వరూపమే మారిపోతుంది. ఆ పంక్తి ఏ కాలంలో, ఏ వరుసలో ఉంటుందో ముప్పై ఏళ్లు తహసీలు ఆఫీసులో పనిచేసిన మనిషికి తెలుసు. ఆ మనిషి ఇప్పుడు ఇంట్లో కూర్చొని వాట్సాప్‌లో దేశం పాడైపోతున్నదని సందేశాలు పంపుతున్నాడు. పోర్టల్‌లోకి ఎక్కించడం తెలిసిన అతని మనవడు పక్క గదిలోనే ఉన్నాడు. ఎక్కించవలసినది ఏమిటో ఆ పిల్లవాడికి తెలియదు. మన ఆస్తులు చేజారడానికి ప్రత్యర్థుల బలం ఎంత కారణమో, ఆ రెండు గదుల మధ్య గోడ కూడా అంతే కారణం.

ఓటర్ల జాబితా సంగతీ ఇదే. 2025లో బీహార్‌లో ప్రత్యేక విస్తృత సవరణ పేరుతో జరిగిన కసరత్తులో ముసాయిదా జాబితా నుంచి దాదాపు 65 లక్షల పేర్లు పోయాయి. ఆ పేర్లను, కారణాలను ప్రకటించమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు చెప్పేదాకా ఎవరివి ఎందుకు పోయాయో జనానికి తెలియలేదు. ఆధార్‌ను కూడా పత్రంగా తీసుకోమని సెప్టెంబరు 8న చెప్పవలసి వచ్చింది. పింఛనుదారులం మేము ఏటా బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇచ్చి అలవాటుపడ్డవాళ్లం. పుట్టిన నేల మీద పౌరులమేనని కూడా రుజువు చూపవలసిన రోజు వస్తుందని మాత్రం సర్వీసు రూల్స్‌లో ఎక్కడా లేదు.

మన పేర్ల తీరు వల్ల మన ఇళ్లలో ఈ ప్రమాదం రెట్టింపు. ఒకే మనిషి ఒక పత్రంలో షేక్, మరొక దానిలో షైక్. ఒకచోట మహమ్మద్, ఇంకోచోట ఎండీ. తల్లి పేరు రేషన్ కార్డులో ‘బీ’, ఆధార్‌లో ‘బేగం’, బడి సర్టిఫికెట్‌లో రెండూ లేవు. రాసినవారు గుమాస్తాలు, అనుమానితులు మాత్రం మనం. తనిఖీ అధికారి గడప తొక్కకముందే ఈ తేడాలను సరిచేసుకోవాలి. బస్తీకి ఇద్దరు రిటైర్డ్ పంతుళ్లు పూనుకుంటే ఒక వేసవిలో ఆ బస్తీ మొత్తం పత్రాలను సరిపోల్చవచ్చు. బడి రిజిస్టర్లలో పుట్టిన తేదీలు వేసినవారు వారే కదా!

మరి ఎందుకు పూనుకోవడం లేదు? ఆరోగ్యం, వయసు అంటారు. కొందరి విషయంలో అది నిజమే, వారిని అనడం లేదు. కాని మసీదు కమిటీ అధ్యక్ష పదవికి మాత్రం ఏ మోకాళ్ల నొప్పీ అడ్డు రావడం లేదు. పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు అదే కుర్చీలో కూర్చొని, లెక్కలు అడిగిన యువకుడిని బేఅదబ్ అని కసిరేవారు మన ఊళ్లలో తక్కువేమీ లేరు. ఆడపిల్లలు న్యాయశాస్త్రం చదివి ఇళ్లలో ఉన్నారు. మసీదు దస్తావేజుల సంచిని వారి చేతికి ఇవ్వడానికి కమిటీలకు మనసు రాదు. సంచిలో ఏమి లేవో బయటపడుతుందన్న భయం కూడా కొన్నిచోట్ల ఉన్నదని మా అనుమానం. అద్దెలు ఎవరి జేబులోకి పోతున్నాయో తేల్చకుండా ప్రభుత్వాన్ని మాత్రమే నిందించే ముతవల్లీని సమర్థించవలసిన బాధ్యత ఈ పత్రికకూ లేదు, మాకూ లేదు.

కమిటీ కుర్చీని ముప్పై ఏళ్లలోపు వారికి వదిలి, రికార్డు గది బెంచీ మీదికి మేము వెళ్లాలి. జిల్లా కేంద్రాలలో ఈ పని చేయగల పెద్దలు ఎవరెవరు, ఎవరికి ఉర్దూ షికస్తా వస్తుంది, ఎవరు సర్వే శాఖలో పనిచేశారు అన్న జాబితాను ముందు ఊరూరా తయారు చేయండి. ఉర్దూ చదవగల పెద్దను, కంప్యూటర్ తెలిసిన పిల్లను జంటగా వేయండి.

పోర్టల్ గడువు దాటిన ఆస్తులకు తగిన కారణం చూపితే ట్రిబ్యునల్ మరో ఆరు నెలల వరకు ఇవ్వవచ్చునని చట్టంలోనే ఉంది. ఆ తగిన కారణమనేది కన్నీళ్లతో తయారు కాదు. నకలు కోసం దరఖాస్తు పెట్టిన తేదీ, కట్టిన రుసుము రసీదు, నకలు అందిన తేదీ, వీటితో తయారవుతుంది. రికార్డు దొరకలేదని ఆఫీసులో నోటిమాటగా చెబితే తిరిగి రాకండి. అదే మాటను కాగితం మీద రాయించి, సంతకం, ముద్ర వేయించుకొని తీసుకురండి. అది కూడా ట్రిబ్యునల్ ముందు పనికివచ్చే పత్రమే.