రాజధానికి దూరమైతేనేం?

పోటీల్లో ఓడి వచ్చిన ప్రతిసారీ మన హాస్టల్లో వినపడే మాట ఒకటే: "సిటీవాళ్లకి గ్రౌండుంది, కోచ్ ఉన్నాడు, మనకేముంది?" మేమూ అన్నాం. అందులో నిజం లేకపోలేదు. అయినా మిత్రులారా, క్రాస్నొయార్స్క్ సంగతి వినండి.

మాస్కోకి దాదాపు 4,000 కిలోమీటర్ల దూరంలో, సైబీరియాలో, యెనిసెయ్ నది ఒడ్డున ఉన్న నగరమది. అక్కడ రగ్బీ అంటే ప్రాణం. జట్టుకి పదిహేనుమంది, కోడిగుడ్డులాంటి బంతి, చేత్తో ముందుకి విసరకూడదు. 1969లో క్రాస్నీ యార్ క్లబ్బు, 1975లో యెనిసెయ్-ఎస్.టి.ఎం. పుట్టాయి. ఆ మూడక్షరాలు ఊళ్లోని భారీ యంత్రాల ఫ్యాక్టరీ పేరులోవి. 1990, 1991లో సోవియట్ టైటిళ్లు క్రాస్నీ యార్‌వే. 2011 నుంచి 2019 దాకా రష్యా టైటిల్ ఆ ఊరి పొలిమేర దాటలేదు, ఈ క్లబ్బుదో ఆ క్లబ్బుదో!

యెనిసెయ్ 2015లో యూరప్ ఛాలెంజ్ కప్‌కీ వెళ్లింది. చలికాలంలో సొంతూళ్లో ఆడలేక తర్వాత 'సొంత' మ్యాచ్‌లు నల్లసముద్రపు ఒడ్డున సోచిలో ఆడింది. 2022లో యుద్ధం మొదలయ్యాక రష్యా జట్లకి అంతర్జాతీయ పోటీల తలుపులు మూసుకున్నాయి. అది వేరే కథ.

ఒక్క క్లబ్బే ఉంటే వాళ్లు ఇంత ఎదిగేవారు కాదని మా అభిప్రాయం. మనమేమో బాగా ఆడేవాళ్లందరినీ ఒకే టీములో వేసి, మిగతావాళ్లని గట్టుమీద కూర్చోబెడతాం. వచ్చే ఏడాది రెండు టీములు పెడదాం. వాళ్ల వెనక ఫ్యాక్టరీ నిలబడింది, మన వెనక నిలబడాల్సినవాళ్లు ముందుగా ఆ చిరిగిన వాలీబాల్ నెట్టు మార్పించాలి.