పండ్ల నెండబెట్టుట: విశాఖవాసులకు కొన్ని మాటలు

మధ్యాహ్న విరామము ముగిసిన పిమ్మట మా పాఠశాల ఆవరణమున నడచువారికి గోడప్రక్కను రంగురంగుల పొట్లములు పడియుండుట కనబడును. వానిలో కొన్నింటిపై పండ్ల బొమ్మలు కూడ ముద్రింపబడి యుండును. గత వేసవికి ముందు ఆఱవ తరగతి బాలుడొకడు అట్టి పొట్లమును మాకు చూపి, “మాష్టారండీ, పండు ఇంత కరకరలాడేటట్టు ఎలా చేస్తారండీ? మన ఇంట్లో చెయ్యొచ్చునా అండీ?” అని యడిగెను. చేయవచ్చునని తొందరపడి చెప్పితిమి. ఆ తొందరకు ఫలమును మేమే అనుభవించితిమి గావున, విద్యార్థులకును వారి తలిదండ్రులకును మా అభిప్రాయమును విన్నవించుకొనుచున్నాము.

ఆ వారముననే బంగినపల్లి పండ్లను తెచ్చి, చెక్కుతీసి, ముక్కలు గోసి, పాతపట్టణమున మేముండు ఇంటి మేడపై తాటాకు చాపమీద పఱచితిమి. సాయంకాలమునకు ముక్కలన్నిటిపై సన్నని నల్లని ధూళి పేరుకొనియుండెను. ఆ ప్రాంతమున కాపురమున్న గృహిణులకు ఈ ధూళి క్రొత్తది కాదు. అది యెక్కడనుండి వచ్చునో విచారించుట ఈ వ్యాసముయొక్క పని కాదు. రెండవమాఱు పలుచని తెల్లగుడ్డ కప్పితిమి. మూడు దినములు ఎండ కాచెను. ముక్కలు చేతికి గట్టిగనే తగిలెను. సంతోషించి, వెచ్చగా నుండగనే డబ్బాలో పోసి, మూత బిగించి, తరగతిలో పంచిపెట్టవలెనని దాచితిమి. వారము గడచి మూత తీయగా లోపల బూజు పట్టియుండెను. బాలురకు తెలియకుండ ఆ డబ్బాను పాఱవేయుదుమా యని ఒక నిమిషము తోచిన మాట నిజము. అట్లు చేయక, తరగతికి కొనిపోయి బల్లమీద పెట్టితిమి. ఆ గంటలో పిల్లలడిగిన ప్రశ్నలు ప్రకృతిశాస్త్ర పుస్తకమును ముందుంచుకొని పాఠము చెప్పినప్పుడు ఎన్నడును అడిగియుండలేదు.

ఏల బూజు పట్టెను? మామిడిపండులో నూటికి ఎనుబది పాళ్లకు పైగా నీరే. అనాసలో ఇంకను ఎక్కువ. అరటిపండులో డెబ్బదియైదు పాళ్లు. ఎండబెట్టుట యనగా ఈ నీటిని బయటికి పంపుట తప్ప వేఱొకటి కాదు. నూటికి ఇరువది పాళ్లకు లోపల నీరు మిగిలినయెడల పండు మెత్తగా, సాగుచు, నిలువయుండును. ఏలయన అంత తక్కువ నీటిలో, అంత చిక్కని చక్కెరలో బూజు పెరుగజాలదు. కరకరలాడవలెనన్న నూటికి అయిదు పాళ్లకు లోపలనే నీరుండవలెను. ఈ రెంటికిని నడుమ గల దూరము చాల గొప్పది. మా ముక్కలు మొదటి మెట్టునైనను చేరియుండలేదు. పైన గట్టిపడి, లోపల తడి మిగిలిపోయినవి.

ఇక్కడ మన విశాఖ సంగతి ఆలోచింపవలెను. మనకు ఎండకు కొదువ లేదు. కాని ఆఱబెట్టునది ఎండ యొక్కటియే కాదు, గాలికూడ. ఇతర దేశములవారు వ్రాసిన పుస్తకములలో గాలిలోని తేమ నూటికి అరువదికి లోబడియున్నప్పుడే పండ్లను ఎండలో పెట్టవలెనని చెప్పియుందురు. సముద్రపు టొడ్డున నున్న మన పట్టణములో సంవత్సరమున అనేకదినములు తేమ ఆ హద్దును దాటియే యుండును. అనంతపురమువంటి మెట్టసీమలో రెండు దినములలో అయ్యెడు పని ఇక్కడ నాలుగు దినములైనను కాకపోవచ్చును. అంతేకాదు, రాత్రి మేడపై విడిచినచో పగలు పోయిన తడిలో కొంతభాగమును ముక్కలు మరల పీల్చుకొనును. కావున ప్రొద్దుగ్రుంకకమునుపే చాపలను లోపలికి చేర్చుట మఱువరాదు.

అట్లైన పొట్లములోని పండు అంత పెళుసుగా నెట్లుండును? దానికి మార్గములు కొన్ని కలవు. పచ్చి అరటికాయను, పచ్చి పనసతొనలను సన్నగా తఱిగి నూనెలో వేయించుట ఒకటి. కేరళమున నేంద్రపు అరటిని కొబ్బరినూనెలో వేయించుట ప్రసిద్ధము. గాలిని తీసివేసిన పాత్రలో తక్కువ వేడిమిని వేయించుట మఱియొకటి. పండును గడ్డకట్టించి, అందలి మంచును కరగనీయకయే ఆవిరిగా లాగివేయుట ఇంకొకటి. మొదటిదానిని తప్ప తక్కినవానిని మన వంటయిండ్లలో చేయజాలము. ఈ సంగతి నెఱుగక మొట్టమొదటనే కరకరలాడు పండుకొఱకు ప్రయత్నించి, చెడి, “ఇది మనకు రాదు” అని విడిచిపెట్టువారు పెక్కుమంది. మా అభిప్రాయమేమనగా, క్రొత్తగా నేర్చుకొనువారు సాగెడు పండుతోనే ప్రారంభింపవలెను. కరకరల సంగతి తరువాత.

మన పెద్దలు చేసినది కూడ ఇదియే. ఈ తీరమున వారు మామిడిని పెళుసుగా చేయుటకు పూనుకొనలేదు, తాండ్ర చేసిరి. విజయనగరము జిల్లాలోని భీమాళి గ్రామము తాండ్రకు పేరుపొందినది. రసము తీసి, చక్కెరయో బెల్లమో కలిపి, చాపపై పలుచగా పూసి, అది ఆఱిన పిమ్మటనే దానిపై మఱియొక పొర పూయుదురు. ఇట్లు పొరపై పొరగా దినముల తరబడి సాగును. దీనిలోని తెలివిని గమనింపుడు. పొర పలుచనిది గనుక లోపల తడి దాగుటకు చోటు లేదు. మేము మందముగా గోసిన ముక్కలలో చేసిన తప్పు ఇందు జరుగనేరదు. ఇంటిలో చేయువారు ఒక పళ్లెమునకు నేయి రాచి, నాలుగైదు పొరలు మాత్రమే పోసినను చాలును. రోహిణికార్తెలోపల ముగింపవలెను, తొలకరి మబ్బులు వచ్చిన తరువాత మొదలుపెట్టుట వ్యర్థము.

ముక్కలుగానే కావలెనన్నచో పండు మగ్గియుండవలెను గాని చితికిపోరాదు. పావు అంగుళమునకు మించని మందమున గోయవలెను. అరటిపండు నల్లబడకుండ నిమ్మరసము కలిపిన నీటిలో కొన్ని నిమిషములు ముంచి తీయవలెను. ఓవెను గలవారు అరువది సెంటిగ్రేడు డిగ్రీల వేడిమిని, తలుపు కొంచెము తెఱచియుంచి, ఆఱు మొదలు పది గంటలవఱకు ఆఱబెట్టవచ్చును. త్వరపడి వేడిమిని పెంచినచో పైభాగము బిగిసి, లోపలి నీటికి దారి మూసికొనిపోవును. ఒక ముక్కను చల్లారనిచ్చి చీల్చి చూడుడు; చీలినచోట తడి మెఱయరాదు. పూర్తిగా చల్లారిన పిమ్మట గాజుసీసాలో మూడింట రెండు వంతులు మాత్రమే నింపి, వారము దినములు రోజున కొకమాఱు ఆడించి చూడవలెను. గాజు లోపల తేమ కనబడెనా, మరల ఆఱబెట్టవలెను. బూజు కనబడెనా, సీసాలోని దంతయు పాఱవేయవలెను; బూజు పట్టిన ముక్కను మాత్రము ఏఱివేసి తక్కినవి తినుట తగదు.

ఈ పని చేతికి వచ్చిన తరువాత అరటిపండును కాగితమువలె సన్నగా గోసి, ఓవెనులో ఇంకను ఎక్కువసేపు ఉంచినయెడల, చల్లారిన పిదప కరకరలాడును. కాని మన గాలిలో గంటసేపు తెఱచియుంచినచో మెత్తబడును. సింహాచలము కొండ అనాసలు రుచికి సాటిలేనివే గాని, వాని నీరు ఎంతకును తఱుగదు. మొదటి ప్రయత్నమునకు వానిని ముట్టకుండుట మేలు. ఓవెను లేని ఇండ్ల పిల్లలకు సంక్రాంతి దినములలో రేగిపండ్లు కలవు. వానిని బెల్లము, మిరపకాయ, ఉప్పు, జీలకఱ్ఱలతో దంచి, చిన్న వడియములుగా పెట్టి ఎండబెట్టుట పదేండ్ల పిల్లలైనను చేయగలరు.

తలిదండ్రులు కొందఱు మాతో వాదించిరి. కరెంటు ఖర్చు లెక్కించినచో అంగడిలో కొనుటయే చౌక యనిరి. కావచ్చును, చౌక యని మేము చెప్పుట లేదు. ఎండిన పండు ఆరోగ్యమునకు మంచిదే గదా, ఎంతైనను తినవచ్చునా యని ఒక తల్లి యడిగెను. తినరాదు. నీరు పోయినది గాని చక్కెర పోలేదు; రెండు పండ్ల తీపి పిడికెడు ముక్కలలో చేరి, పండ్లకు అంటుకొని, దంతములను చెఱచును. సి విటమిను కూడ చాలవఱకు నశించును. తాజాపండు దొరకు దినములలో తాజాపండే తినవలెను. ఇది ఆడపిల్లల పని గదా, మగపిల్లలకేల యని యొకరు పలికిరి. ఆ మాటకు మేము ప్రత్యుత్తర మీయలేదు. వారి కుమారునిచేతనే మామిడిపండ్లు తఱిగించితిమి.

మేము కోరునది, దీనిని పాఠశాలలో పాఠముగా చేయవలెనని. ఒక కిలో మామిడిముక్కలను తూచి, ప్రతిదినము మరల తూచి, బరువు తఱుగుటను పటముపై గీయింపుడు. నూటికి ఎనుబదిరెండు పాళ్లు నీరున్నచో నీరు కాని పదార్థము 180 గ్రాములు. ముక్కలలో పదునెనిమిది పాళ్ల నీరు మిగులవలెనన్న బరువు ఇంచుమించు 220 గ్రాములకు దిగవలెను. మా మొదటి డబ్బాను మేము తూచియే యుండినచో, మూత బిగించుటకు ముందే తప్పు తెలిసియుండెడిది. త్రాసు మా ప్రయోగశాలలోనే యున్నది. దానిని వాడవలెనని మాకు తోచలేదు.

పొట్లము తెచ్చి చూపిన బాలుడు ఇప్పుడు ఏడవ తరగతి చదువుచున్నాడు. మొన్న సోమవారము తన ఇంట ఆఱబెట్టిన అరటిముక్కలను సీసాలో తెచ్చి, బరువుల పట్టికను కూడ జతచేసి, మా బల్లమీద పెట్టెను. నేటికి అయిదవ దినము. గాజుపై ఇంకను తేమ కనబడలేదు. వారము నిండువఱకు ఎవ్వరును మూత తీయరాదని వాడే కాగితముపై వ్రాసి అంటించెను.