గొట్టం పొడవు

పులి వేటకు తుపాకీ గొట్టం ఎంత పొడవుండాలి? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత ఈ ప్రశ్న మనకు పుస్తకాలలోనే మిగిలింది. అయినా మడికొండలో మా అరుగు మీద కెన్నెత్ ఆండర్సన్ పుస్తకం చేతబట్టినప్పుడల్లా నాకు నాతోనే ఈ తగవు.

పొడవు గొట్టం పక్షాన వాదం తెలిసినదే. మందు కాలి పుట్టిన వాయువు గుండును మరికాస్త సేపు నెడుతుంది, వేగం పెరుగుతుంది. నిజమే. కానీ అంగుళం తగ్గితే పోయేది, తూటాను బట్టి, సెకనుకు ఏ 20, 30 అడుగులో. ఆండర్సన్ వాడిన .405 వించెస్టర్ గుండు వేగం సుమారు 2,200 అడుగులు. అందులో ఇదొక లెక్కా?

నాటి చిత్తూరు జిల్లా చామల లోయలోని పులి కథ ఆయన 1954 నాటి పుస్తకంలో ఉంది. అటువంటి లోయలోనైనా, మా పాకాల అడవిలోనైనా, పొదల మధ్య పులి కనబడేది దగ్గరలోనే. కొమ్మకు తగలకుండా చప్పున భుజానికి చేరే తుపాకీ కావాలక్కడ. 22, మహా అయితే 24 అంగుళాలు చాలునని నా అభిప్రాయం. మరీ కురచైతే చెవులు చిల్లులుపడే మోత. చీకట్లో ఆ మంటకు కళ్ళు చెదిరి రెండవ గుండు గురి తప్పుతుంది.

గురి తప్పితే గాయపడిన పులిని వెదకాలి. నైజాం కాలంలో దొరల వేటలకు డప్పు కొట్టి పొదలు తట్టినవారు మా తాతగారు. ఎవరి తుపాకీ ఎన్ని అంగుళాలో ఆయన ఏనాడూ చెప్పలేదు. ఏ దొర తొందరపడి కాల్చేవాడో మాత్రం పేరుపేరునా చెప్పేవారు.