డిగ్రీ ఉంది కదా అని ధీమా వద్దు

మన కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలకు గల్ఫ్ బాట కొత్త కాదు. వాన మొహం చాటేస్తే బోరు ఎండుతుంది, అప్పు పెరుగుతుంది, ఇంట్లో ఎవరిదో ఒకరి పాస్‌పోర్టు బయటికొస్తుంది. 2015లో రాష్ట్రం ప్రకటించిన 231 కరువు మండలాల్లో ఉమ్మడి కరీంనగర్‌వీ ఉన్నాయి. 2022 జులైలో నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టును వరద ముంచెత్తింది. అయితే కరువు, లేకుంటే వరద. వాతావరణం ఇలా మారుతుంటే వలస ఆగదు.

కానీ ఇలా వెళ్లేవాళ్లకు చట్టంలో పేరే లేదు. 1951 శరణార్థుల ఒప్పందం జాతి, మతం, రాజకీయ అభిప్రాయం వంటి కారణాలతో వేధింపులకు భయపడి పారిపోయినవారి కోసం రాసింది. పంట ఎండిందని చెబితే ఆ హోదా రాదు. పరాయి దేశంలో మీకు రక్షణ మీ వీసా, మీ ఉద్యోగ ఒప్పందం. అంతే.

చదువుకున్నవాళ్లు గమనించాల్సింది ఇక్కడే. పది పాస్ కానివారి పాస్‌పోర్టుకు సాధారణంగా ఈసీఆర్ ముద్ర ఉంటుంది. వాళ్లు గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద అనుమతి కావాలి. ఈ-మైగ్రేట్‌లో ఒప్పందం చూస్తారు, రూ.10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. బీటెక్ చేసిన మీకు ఆ అనుమతి అక్కర్లేదు. వినడానికి బాగుంది. కానీ మీ ఒప్పందాన్ని చూసేవాళ్లూ లేరన్నమాట.

అందుకే మోసగాళ్ల చూపు మీ మీద పడింది. థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ జాబ్ అంటారు, సరిహద్దు దాటించి మయన్మార్‌లో సైబర్ మోసాలు చేయిస్తారు. 2025 మార్చిలో అక్కడి నుంచి బయటపడ్డాక వాయుసేన విమానాల్లో తిరిగొచ్చిన 500 మందికి పైగా భారతీయుల్లో తెలుగువాళ్లూ ఉన్నారు.

ఆఫర్ వస్తే ముందు ఏజెంటుకు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైట్‌లో చూడండి. సర్వీస్ చార్జీ రూ.30 వేలు, దానిపై జీఎస్టీ దాటకూడదన్నది నిబంధన. ‘విజిట్ వీసా మీద పోండి, అక్కడ మార్పిస్తం’ అన్నాడంటే అక్కడే ఆపేయండి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లోనూ వివరాలు అడగండి.

నన్నడిగితే చట్టమూ మారాలి. ఒప్పందం పరిశీలన సర్టిఫికెట్‌ను బట్టి కాదు, వెళ్లే ఉద్యోగాన్ని బట్టి ఉండాలి. అప్పటిదాకా ఆ పని మీరే చేసుకోవాలి. అర్థం కాకపోతే గల్ఫ్ పోయొచ్చిన కాకనో మామనో అడగండి. ఏజెంట్ల మాటలకూ చేతలకూ తేడా వాళ్లకు బాగా తెలుసు.