వరానికి ముందు తపస్సు

ఇంద్రకీలాద్రిపై అర్జునుడు తపస్సు చేసి పాశుపతాన్ని పొందినాడని విజయవాడ వాసులు తరతరాలుగా చెప్పుకొంటారు. ఆ కొండ ఉన్న ఊరిలోనే మన కాలపు విలుకత్తె ఒకతె పెరిగినది. 1996లో జన్మించిన వెన్నం జ్యోతి సురేఖ పసితనంలోనే కృష్ణానదిని ఈది చూపరులను విస్మయపరచినది. పిమ్మట విల్లు చేపట్టినది.

ఆమె చేపట్టినది కాంపౌండ్ విల్లు. కొసలకు కప్పీలు అమర్చిన ఈ వింటితో 50 మీటర్ల దూరం నుండి 8 సెంటీమీటర్ల వలయాన్ని కొట్టగలిగితేనే 10 పాయింట్లు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల వ్యక్తిగత ఫైనలులో ఆమె 15 బాణాలకు 149 పాయింట్లు సాధించినది. ఆ క్రీడలలో ఆమెకు మొత్తం 3 స్వర్ణపతకాలు దక్కినవి. అదే ఏడాది బెర్లిన్‌లో అదితి స్వామి, పర్ణీత్ కౌర్‌లతో కూడి జట్టు స్వర్ణాన్ని గెలిచినది. ప్రపంచ విలువిద్యా పోటీలలో భారతదేశానికి లభించిన మొదటి స్వర్ణం అదే. అర్జున పురస్కారం అంతకు ముందే, 2017లో, ఆమెను వరించినది.

అయినా ఒలింపిక్ పతకం లేని క్రీడాజీవితాన్ని మన సంఘం వెలితిగానే చూస్తుంది. సురేఖ విషయంలో ఈ కొలబద్ద ఎంత అన్యాయమైనదో గమనించాలి. ఒలింపిక్ క్రీడలలో ఇంతవరకు రికర్వ్ వింటికే చోటున్నది. కాంపౌండ్ వింటికి ప్రవేశం 2028లో లాస్ ఏంజెలెస్‌లో కలుగుతుందని నిర్ణయం వెలువడినది 2025లో మాత్రమే. అదీ స్త్రీ పురుషుల మిశ్రమ జట్టు పోటీకే. అనగా ఒక దేశం నుండి ఒక్క వనితకే అవకాశం. నాటికి సురేఖకు 32 ఏండ్లు నిండుతాయి. తలుపు మూసినవారు వేరొకరు. లోపలికి రాలేదన్న నింద ఆమెకు!

ప్రజాధనం పరిమితమైనది, ఫలితం చూచి ఇవ్వడమే వివేకం కదా అని కొందరు వాదించవచ్చును. ఆ వాదంలో కొంత న్యాయం లేకపోలేదు. కాని కృష్ణా డెల్టా రైతుకు తెలిసిన సత్యం ఒకటున్నది. ప్రకాశం బ్యారేజీ నుండి కాలువలకు నీరు కావలసినది నారుమడి నాడు. కుప్ప నూర్చిన నాడు కాదు. విల్లు ఖరీదైనది, ప్రయాణాలు ఖర్చుతో కూడినవి, చదువు సాగవలసినది. ఈ మూడింటి బరువూ పేరు రాని ఏండ్లలోనే పడుతుంది. ఆడపిల్ల విషయంలో "ఆట కూడు పెడుతుందా?" అన్న ఇంటివారి ప్రశ్న దానికి తోడు. జిల్లా పోటీలలో రాణించిన బాలికకు పనిముట్టు, శిక్షణ, పుష్టికరమైన ఆహారం, ముందు ముందు ఉద్యోగభరోసా కల్పిస్తే ఆ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

గెలిచి వచ్చినవారికి ఊరేగింపులు జరపడం మంచిదే. అయితే అర్జునునికి వరం లభించినది తపస్సు చివర. ఆ తపస్సు సాగుతున్న రోజులలో మన బాలికల పక్కన నిలిచేవారెవరు? విజయవాడ తనను తాను వేసుకోవలసిన ప్రశ్న ఇది.